వయనాడ్ కోసం ప్రార్థించాను, ఇప్పుడు డబ్బు ఎటు పంపాలి?

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన బట్టల షాపులో గుమాస్తా. 2024లో కేరళలోని వయనాడ్‌లో కొండ విరిగిపడినప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి నాకు అన్నం సయించలేదు. అప్పుడే మా వీధిలో ఒకామె నన్ను హీలింగ్ గ్రూపులో చేర్చింది. రోజూ రాత్రి తొమ్మిదికి అందరం కళ్ళు మూసుకుని, ఆపదలో ఉన్నవాళ్ళకు శక్తి పంపిస్తాం. 2025 మార్చిలో మయన్మార్ భూకంపం వచ్చినప్పుడూ అట్లాగే కూర్చున్నాం. మరుసటి రోజు అక్కడ మళ్ళీ భూమి కదిలిందని వార్త వస్తే, గ్రూపు నడిపే ఆయన ‘మీలో ఏకాగ్రత చాలలేదు’ అన్నారు. ‘అది వాళ్ళ సామూహిక కర్మ’ అని కూడా అన్నారు. ఇప్పుడు బాధితుల కోసం పెద్ద హీలింగ్ హోమం చేస్తామని మనిషికి 2,116 రూపాయలు అడుగుతున్నారు. నేను అడ్వాన్సుగా 500 ఇచ్చాను. మా ఆయన ‘తన్ను మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం’ అంటూ కోప్పడుతున్నారు. నా దగ్గర చీటీ డబ్బులో మిగిలినవి ఐదు వేలు ఉన్నాయి. జూన్‌లో మా పిల్లవాడు పదో తరగతికి పోతాడు. ఆ డబ్బు ఎటు పంపితే మంచిది? ఇంత దూరం నుంచి చేసే ప్రార్థన వాళ్ళకు అందుతుందా? ఏమీ చేయలేకపోతున్నానని రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.
– ఒక చెల్లెలు, ప్రొద్దుటూరు

సమాధానం:

అమ్మా, డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఏకాగ్రత మాటను మనసులోంచి తీసేయండి. మయన్మార్ నడుమ ఉత్తరం నుంచి దక్షిణానికి సగాయింగ్ ఫాల్ట్ అని భూమిలో పెద్ద పగులు ఉంది. దానికి అటూ ఇటూ ఉన్న భూభాగాలు ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ, ఆ ఒత్తిడి తట్టుకోలేని రోజున ఒక్కసారిగా జారతాయి. మార్చి 28న జరిగింది అదే. తీవ్రత 7.7. పావుగంట తిరక్కముందే ఇంకో పెద్దది వచ్చింది. అంత పెద్ద భూకంపం తర్వాత వారాల తరబడి చిన్నవీ పెద్దవీ వస్తూనే ఉంటాయి. ప్రొద్దుటూరులో ఒక గదిలో కూర్చున్న పదిమంది ఆడవాళ్ళ మనసు నిలకడకూ దానికీ సంబంధం లేదు. మీ మీద అంత బరువు పెట్టడం అన్యాయం. ఆ మాట అన్నాయన పెద్దవారే కావచ్చు, నేను మాత్రం ఒప్పుకోను.

ఆ రోజు శుక్రవారం, పైగా రంజాన్ నెల. మాండలే, సగాయింగ్ వైపు నమాజు వేళకు మసీదులు కూలాయి. బౌద్ధ ఆరామాల్లో భిక్షువులు శిథిలాల కింద చిక్కుకున్నారు. వాళ్ళకు భక్తి తక్కువైందా? అంత దూరం ఎందుకు, మన రాజంపేట వైపే చూడండి. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి నాడు, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ళ మీదికి నీళ్ళు వచ్చిపడ్డాయి. పోయినవాళ్ళలో దీపాలు పెట్టుకోవడానికి శివాలయానికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. దేవుడి ముందు నిలబడ్డవాళ్ళనే నీళ్ళు తీసుకుపోయాయి. ప్రార్థన అంటే ఏమిటో ఆలోచించేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టి ఆలోచించకూడదని నేననుకుంటాను.

ఇక ఆ ‘సామూహిక కర్మ’ మాట. ఇది వింటే నాకు కోపం వస్తుంది, దాచుకోను. 2024 జులై 30న తెల్లవారకముందే వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్ళ మీద కొండ విరిగిపడింది. దానికి ముందు 48 గంటల్లో అక్కడ 570 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. అనంతపురం జిల్లాలో ఏడాది పొడవునా కురిసే సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. మన దగ్గర ఏడాదికి కురిసేదాని కంటే ఎక్కువ రెండు రోజుల్లో, నిటారు కొండవాలు మీద పడింది. మట్టి నీళ్ళు తాగి బరువెక్కి జారింది. కింద నిద్రపోతున్నవాళ్ళలో టీ తోటల్లో ఆకు కోసి బతికే కూలీలున్నారు, బడికి పోయే పిల్లలున్నారు. వాళ్ళు ఏ జన్మలో ఏం చేశారో ఫోన్‌లో వీడియో చూసి చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. కర్మ సిద్ధాంతాన్ని మీరు నమ్ముతారనుకోండి, నమ్మండి. అది ఎవరికి వాళ్ళు తమ జీవితం గురించి ఆలోచించుకోవడానికి పనికొస్తుంది. పిల్లను పోగొట్టుకున్న తల్లి మీద పెట్టడానికి కాదు. మీ గ్రూపులో ఆ మాట మళ్ళీ వస్తే, ‘అట్లా అనకండి’ అని నోరు తెరిచి చెప్పండి. మీరు శక్తి పంపడం కంటే అది పెద్ద సాయం.

‘ప్రార్థన అందుతుందా’ అని అడిగారు. మీరు నిజంగా అడిగారు కాబట్టి నాకు తెలిసినది తెలిసినట్టు చెబుతాను. అమెరికాలో ఈ ప్రశ్న మీదే ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 2006లో వచ్చాయి. ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని తీసుకుని, కొందరి కోసం దూరాన ఉన్న ప్రార్థన బృందాలతో ప్రార్థన చేయించారు, కొందరి కోసం చేయించలేదు. కోలుకోవడంలో తేడా కనిపించలేదు. తమ కోసం ఎవరో ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసినవాళ్ళలో ఇబ్బందులు కాస్త ఎక్కువే వచ్చాయి. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఆ పరిశోధన తేల్చలేదు, అట్లాంటిది ఏ పరిశోధనా తేల్చలేదు. కానీ ‘మేం ఇక్కడ కూర్చుని పంపిస్తే అక్కడ గాయం మానుతుంది’ అని ఎవరైనా గట్టిగా చెబితే, దానికి ఆధారం లేదని చెప్పడానికి ఇది చాలు. ఆ మాట మీద డబ్బు వసూలు చేస్తుంటే మరీ ముఖ్యంగా చెప్పాలి.

అయితే ప్రార్థన మానేయమంటున్నానా? లేదమ్మా. వయనాడ్‌లోనే జరిగిన ఇంకో విషయం చెబుతాను. ఎవరో గుర్తు పట్టలేని మృతదేహాలను, శరీర భాగాలను పుత్తుమల అనే చోట వరుసగా పాతిపెట్టారు. పేర్లు లేవు. డీఎన్‌ఏ నమూనా నంబర్లు రాసి పెట్టారు. ఆ మట్టిలో ఉన్నది హిందువో ముస్లిమో క్రైస్తవులో ఎవరికీ తెలియదు. అందుకని మూడు మతాల పెద్దలూ వచ్చి వరుసగా ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన పోయినవాళ్ళను తిరిగి తెస్తుందని అక్కడ నిలబడ్డ ఎవరూ అనుకోలేదు. పేరు కూడా మిగలని మనిషిని అనాథగా వదలకూడదని చేశారు. మీరు రాత్రి తొమ్మిదికి కళ్ళు మూసుకుని తలుచుకునేదీ ఇట్లాంటిదేనని నాకనిపిస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళను రోజులో పది నిమిషాలు మీవాళ్ళనుకుంటున్నారు. అందులో తప్పు లేదు, తక్కువతనమూ లేదు. ఆ పది నిమిషాలు మీ మనసును మెత్తగా ఉంచుతాయి. పంపాల్సిన డబ్బు గుర్తు చేస్తాయి. అంతకు మించి వాటి మీద భారం మోపకండి.

ఇప్పుడు 2,116 గురించి. ఆ హోమానికి ఇవ్వద్దు. కారణం ఒక్కటే: బాధితుల పేరు చెప్పి అడిగిన డబ్బు బాధితులకే పోవాలి. హోమం చేసుకోవడం మీ గ్రూపు ఇష్టం. నెయ్యి, సమిధలు, పంతులుగారి దక్షిణ ఎవరి స్తోమతు కొద్దీ వాళ్ళు వేసుకుని చేసుకోవచ్చు. కానీ దాన్ని మాండలేలో గుడారం కింద ఉన్నవాళ్ళకు చేసిన సాయంగా లెక్క కట్టకూడదు. మీరు ఇచ్చే 2,116లో ఎంత అక్కడికి చేరుతుందని అడిగి చూడండి. జవాబు నీళ్ళు నమిలినట్టుంటే మీకు తెలిసిపోతుంది.

మాది కర్నూలు. దూరం నుంచి వచ్చే సాయం అందుకునే వైపు నుంచి ఎట్లా ఉంటుందో 2009 అక్టోబరు 2 తర్వాత మా ఊరు చూసింది. తుంగభద్ర, హంద్రీ కలిసి పాతబస్తీ మీదికి వచ్చాయి. జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. నీళ్ళు పోయాక ఇళ్ళలో బురద మిగిలింది. పరుపులు, బియ్యం, రేషన్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. మొదటి రెండు మూడు రోజులు పులిహోర పొట్లాలు, తాగే నీళ్ళు ప్రాణం నిలబెట్టాయి. పంపినవాళ్ళందరికీ దండం పెట్టాలి. ఆ తర్వాత పాత బట్టల మూటలు రావడం మొదలైంది. చిరిగినవి, హుక్కులు లేనివి, ఉతకనివి కూడా. అప్పటికి మా వీధులవాళ్ళకు కావాల్సింది పార, చీపురు, బ్లీచింగ్ పౌడర్, ఒక స్టవ్, వండుకోవడానికి రెండు గిన్నెలు, ఆటోకు ఇవ్వడానికి చేతిలో నాలుగు నోట్లు. ఎవరికి ఏది కావాలో ఇంటింటికీ వేరుగా ఉండేది. మీలాగా మిషన్ కుట్టే ఆమెకు చీర ఎందుకు, బురద పట్టిన మోటారు బాగు చేయించుకోవడానికి డబ్బు కావాలి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో కూడా ఇదే జరిగింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. గూంజ్ అనే సంస్థ వాటిలో పనికొచ్చేవి ఏరి, నెలసరికి వాడుకునే గుడ్డ ప్యాడ్లు కూడా కుట్టించింది. ఆ సంస్థకు ఆ తెలివి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అదంతా చెత్తే.

అందుకని దూరంలో ఉన్నవాళ్ళకు డబ్బే పంపండి. వస్తువులు లారీ ఎక్కించే ఖర్చుతో అక్కడే కొనొచ్చు. అక్కడ తిరిగి తెరుచుకున్న చిల్లర కొట్టుకూ వ్యాపారం జరుగుతుంది. బట్టలు ఇవ్వాలనే ఉంటే, అడిగినవాళ్ళకు, వాళ్ళు అడిగినవి, కొత్తవి. ఎప్పుడైనా మన జిల్లాల్లోనే వరద వచ్చి, నమ్మకమైనవాళ్ళు ‘లంగాలు, నైటీలు కావాలి’ అంటే, కుట్టగలిగిన చేతులు మీకున్నాయి. చాలామందికి లేనిది అది.

డబ్బు ఎటు? వయనాడ్‌కు అయితే కేరళ ముఖ్యమంత్రి డిస్ట్రెస్ రిలీఫ్ ఫండ్ ఉంది. మన రాష్ట్రంలో జరిగినదానికి మన ముఖ్యమంత్రి సహాయ నిధి. దేశంలో ఎక్కడైనా అంటే ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి. అది 1948లో దేశ విభజనప్పుడు నిరాశ్రయులైనవాళ్ళ కోసం మొదలైంది. ప్రభుత్వం మీద నమ్మకం తక్కువైతే, ఏళ్ళ తరబడి విపత్తుల్లో పనిచేస్తున్న సంస్థలున్నాయి, రెడ్‌క్రాస్ లాంటివి. రశీదు ఇచ్చే సంస్థకే ఇవ్వండి. మయన్మార్ విషయం కొంచెం వేరు. వేరే దేశానికి మనలాంటివాళ్ళు ఐదువందలు, వెయ్యి పంపాలంటే దారి అంత సులువు కాదు. అట్లాగని మన చేయి అక్కడ లేదనుకోకండి. భారత ప్రభుత్వం ఆపరేషన్ బ్రహ్మ పేరుతో సహాయ సామగ్రి, ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు పంపింది, మాండలేలో ఆర్మీ ఫీల్డ్ హాస్పిటల్ పెట్టింది. మీరు దారపు రీలు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ కూడా ఆ ఖజానాలోదే. మయన్మార్‌ను ప్రార్థనలో ఉంచుకోండి, డబ్బు మీరు చేర్చగలిగిన చోటికి పంపండి.

ఒక జాగ్రత్త. ఎక్కడ ఆపద వస్తే అక్కడి పేరుతో దొంగ క్యూఆర్ కోడ్‌లు వాట్సాప్‌లో తిరుగుతాయి. ఫార్వర్డ్ అయి వచ్చిన కోడ్‌ను స్కాన్ చేయొద్దు. పిల్లవాడి చేత అసలు వెబ్‌సైట్ తెరిపించి అక్కడి నుంచే పంపండి. డబ్బు పంపేముందు ఫోన్‌లో ఎవరి పేరు కనిపిస్తోందో చదవండి. ఒక మనిషి పేరు వస్తే ఆపేయండి. ఒకవేళ మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

మీ ఆయన అన్న సామెతకు మన సీమలో బలం ఉంది. కరువులు చూసిన నేల ఇది, చేతిలోది పంచి పస్తున్న ఇళ్ళను చూసిన నేల. అయితే ఇదే నేల మీద 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. కలిగినాయన కలిగినంత పెట్టాడు. మీకు కలిగినంత వేరు. పిల్లవాడి ఫీజు, పుస్తకాల డబ్బు ముందు పక్కకు తీయండి. దానికి చేయి పెట్టి చేసే దానం నాకిష్టం లేదు. మిగిలినదాంట్లో ఓ వెయ్యి ఇప్పుడు పంపండి, మీ ఆయనకు చెప్పే పంపండి. రహస్యంగా చేస్తే రేపు అది ధర్మం గురించిన గొడవ కాకుండా మీ ఇద్దరి మధ్య నమ్మకం గురించిన గొడవ అవుతుంది. ఆయన కోపం హోమం మీదే అయితే, హోమానికి ఇవ్వడం లేదని తెలిశాక వెయ్యి రూపాయలకు అడ్డు చెప్పకపోవచ్చు.

ఆ తర్వాత ఇట్లా చేసి చూడండి. దేవుడికి ముడుపు కడతాం కదా, పసుపు గుడ్డలో. అట్లాంటిదే ఒకటి దేవుడి గూట్లో పెట్టుకోండి. రాత్రి తొమ్మిదికి ప్రార్థనకు కూర్చునే ముందు ఐదో పదో అందులో వేయండి. లేని రోజు వేయకండి. ఎక్కడైనా ఆపద వచ్చినప్పుడు ఆ ముడుపు విప్పి పంపండి. మీ వీధిలో ముస్లింల ఇళ్ళుంటే అడగండి, జకాత్ వాళ్ళు ఎట్లా తీస్తారో చెబుతారు. వీడియో చూసి కళ్ళనీళ్ళు వచ్చినప్పుడు ఇచ్చేది కాదు, ఏడాదికింత అని లెక్కగా పక్కన పెట్టేది. ఆ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. మన అనంతపురానికే చూడండి, విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ దేశస్థుడు 1969లో వచ్చి సంస్థ పెట్టాక, స్పెయిన్‌లో మామూలు సంపాదనపరులు క్రమం తప్పకుండా కొంత డబ్బు ఇస్తూ వచ్చారు. ఇక్కడి పల్లెల్లో పిల్లల చదువులు, ఇళ్ళు, ఆసుపత్రులు వాటితోనే నడిచాయి. అనంతపురం ఎక్కడుందో మ్యాపులో చూపించలేనివాళ్ళు కూడా వాళ్ళలో ఉండి ఉంటారు. కరువు వార్త పేపర్లో వచ్చిన వారమే ఇచ్చి ఊరుకుని ఉంటే ఒక్క బడి కూడా నిలబడేది కాదు.

నా బాధ కూడా ఇక్కడే. వయనాడ్ వార్తల్లోంచి పోయి ఎన్నాళ్ళయింది? ఇల్లు పోయినవాళ్ళకు టౌన్‌షిప్ కట్టడానికి కల్పెట్ట దగ్గర ఎల్‌స్టన్ ఎస్టేట్‌లో శంకుస్థాపన జరిగింది 2025 మార్చి 27న, అంటే కొండ విరిగిన ఎనిమిది నెలలకు. అప్పటిదాకా జనం అద్దె ఇళ్ళలో ఉన్నారు. చెయ్యేరు ఒడ్డు ఊళ్ళలోనూ అంతే. నీళ్ళు ఒక్క పూటలో పోయాయి, పొలాల్లో ఇసుక మేటలు, ఇళ్ళ కోసం ఎదురుచూపులు ఏళ్ళు నడిచాయి. మీ గ్రూపువాళ్ళు కొత్త ఆపద వచ్చినప్పుడల్లా పాతదాన్ని వదిలేసి కొత్తదానికి కూర్చుంటారని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. మీరు ఒక ఊరినైనా పట్టుకుని ఉండండి. చూరల్‌మలను పట్టుకోండి, లేదా కడప దాటితే వచ్చే పులపత్తూరును పట్టుకోండి. జులై 30న, నవంబరు 19న ఆ ఊరి పేరు మీ ప్రార్థనలో ఉండాలి. ఆ రోజు ముడుపులోది ఆ ఊళ్ళో ఇంకా పని చేస్తున్నవాళ్ళకు చేరాలి. కొత్తదానికి అందరూ ఇస్తారు.

వీడియోల సంగతి. అవి ఎంత చూసినా అక్కడివాళ్ళకు ఒరిగేదేమీ లేదు, మీ నిద్ర మాత్రం పోతోంది. పొద్దున ఒకసారి వార్త చదవండి, రాత్రి భోజనం తర్వాత ఫోన్ మీ ఆయన దగ్గర పెట్టేయండి. ఇట్లా చేసినా ఇంకో రెండు వారాల తర్వాత కూడా నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, డబ్బు అడగరు, తెలుగులో మాట్లాడతారు. మనసుకు టెన్షన్ పట్టినప్పుడు డాక్టరు సలహా తీసుకోవడం జ్వరానికి మందు వేసుకోవడం లాంటిదే.

గ్రూపు మానేయాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. అక్కడి ఆడవాళ్ళ తోడు మీకు బాగుంటే ఉండండి. కానీ ఏకాగ్రత చాలలేదనే నింద, కర్మ మాట, డబ్బు వసూలు – ఈ మూడూ ఆగకపోతే ఇంట్లోనే కూర్చుని చేసుకోండి, ఏమీ తగ్గిపోదు. ఇచ్చిన 500 వెనక్కి అడగండి. మొహమాటపడకండి, అది మీరు కుట్టు పనితో సంపాదించింది. ‘నేను హోమానికి రావడం లేదు, నా డబ్బు కేరళ ఫండ్‌కు పంపాలనుకుంటున్నాను’ అని నలుగురి ముందూ చెప్పండి. మీలాగా ఆలోచిస్తూ, చెప్పలేక కూర్చున్నవాళ్ళు ఆ గదిలో ఇంకా ఉండొచ్చు, వాళ్ళు కూడా మీతో కలుస్తారేమో చూడండి. వెనక్కి వస్తే ఆ 500 కూడా వెయ్యికి కలిపి పంపండి. రాకపోతే దాని కోసం గొడవకు పోకండి, వెయ్యి మాత్రం ఈ వారమే పంపి రశీదు దాచుకోండి.